కాయిన్ వేస్తే చెప్తా

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర సందులో తొమ్మిదేళ్లు వీడియో గేముల షాపు నడిపి, ఇప్పుడు అదే గదిలో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసుకుంటున్న మేస్త్రి జవాబులివి. ఈ నెల ఉత్తరాలన్నీ కూడబలుక్కున్నట్టు కొట్లాట గేముల మీదే వచ్చాయి. సరే, కానిద్దాం.

ప్రశ్న: మేస్త్రి గారూ, 1995లో కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మెస్సు డబ్బులు మిగిల్చి స్ట్రీట్ ఫైటర్ ఆడేవాణ్ణి. అందులో రియూ అనే యోధుడు ఎగిరి గాల్లోంచే ఫైర్‌బాల్ వేసేవాడు, అదీ వరసగా మూడు నాలుగు. స్టార్ట్ నొక్కితే ఆట మధ్యలో రియూ కాస్తా బ్లాంకా అనే ఇంకో యోధుడు అయిపోయేవాడు. మొన్న మా అబ్బాయికి పాత గేములన్నీ ఉన్న కలెక్షన్ కొన్నాను. ఏం నొక్కినా అవి రావడం లేదు. వాడు నన్ను కోతలరాయుడి కింద జమకట్టేశాడు. ఆ సీక్రెట్ ఏమిటో చెప్పి నా పరువు కాపాడండి.
– ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: ముందు ఈ పేజీ మీవాడి చేతిలో పెట్టండి. మీరు చెప్పిందంతా నిజమే. కాకపోతే సీక్రెట్ మీ వేళ్లలో లేదు, మెషిన్ లోపలి సర్క్యూట్ బోర్డులో ఉంది. మీరు ఆడింది అసలు గేము కాదండి, దాన్ని చెడగొట్టి తయారుచేసిన దొంగ కాపీ.

స్ట్రీట్ ఫైటర్ 2ని క్యాప్‌కామ్ అనే కంపెనీ 1991లో వదిలింది, దానికే కొత్త వెర్షన్ ఛాంపియన్ ఎడిషన్‌ని 1992లో. ఆ బోర్డుల్లో ప్రోగ్రామంతా ఈప్రోమ్ అనే చిప్పుల్లో ఉండేది. చిప్పు నెత్తిన చిన్న గాజు కిటికీ, దాని మీద స్టిక్కరు. స్టిక్కరు పీకి అల్ట్రావయొలెట్ లైటు కింద కాసేపు పెడితే పాత రాతంతా తుడిచిపెట్టుకుపోతుంది, కొత్తది రాసుకోవచ్చు. పలక తుడిచి రాసినంత పని. అలా ఎవరో ఛాంపియన్ ఎడిషన్‌ని తుడిచి రాసినదాన్నే రెయిన్‌బో ఎడిషన్ అంటారు. పేరు ఎందుకొచ్చిందంటే, మొదట్లో వచ్చే టైటిల్ అక్షరాలు ఇంద్రధనుస్సు రంగుల్లో ఉంటాయి. గాల్లో ఫైర్‌బాళ్లు, మనిషి ఎటు పోతే అటు తిరిగే ఫైర్‌బాళ్లు, స్టార్ట్ నొక్కితే వేషం మారడం, అన్నీ అందులోవే.

నేను 1994లో మద్రాసు నుంచి తెచ్చుకున్న మొదటి బోర్డు కూడా అదే. అమ్మినాయన "ఒరిజినలే తీస్కో" అన్నాడు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే రంగురంగుల అక్షరాలు కనిపించాయి. కొత్త మోడల్ కాబోలని మురిసిపోయి కొబ్బరికాయ కూడా కొట్టాను. తెర నిండా ఫైర్‌బాళ్లు నిండితే ఆట నత్తనడక నడిచేది, ఒక్కోసారి బిగుసుకుపోయేది. మరో సంగతి చెప్పనా? మిగతా ఏ మెషిన్లో అయినా ముందుగా అరిగేది గట్టి పంచ్ బటన్. ఈ బోర్డున్న మెషిన్లో మాత్రం స్టార్ట్ బటన్ స్ప్రింగులు నెలకోటి మార్చేవాణ్ణి. పిల్లలు వేషాలు మార్చీ మార్చీ దాన్ని చంపేశారు.

తమాషా ఏమిటంటే అసలు కంపెనీ కూడా ఊరుకోలేదు. 1992 డిసెంబరులోనే హైపర్ ఫైటింగ్ అనే ఇంకో వెర్షన్ వచ్చింది. వేగం పెంచారు, రియూకీ కెన్‌కీ గాల్లో గిరగిరా తిరిగే కిక్కు ఇచ్చారు, చున్‌లీకి ఫైర్‌బాల్ ఇచ్చారు, మన యోగా ధల్సిమ్‌కి ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలడం నేర్పారు. 1993 నుంచి వచ్చిన సీపీఎస్-2 అనే క్యాప్‌కామ్ కొత్త రకం బోర్డులైతే ప్రోగ్రాముకు తాళం వేసుకుని వచ్చాయి. తాళంచెవి ఒక బ్యాటరీ మీద బతికేది. బ్యాటరీ అయిపోతే బోర్డు పోయినట్టే. దొంగలకు పెట్టిన తాళం చివరికి కొనుక్కున్నవాళ్లనే ఏడిపించింది.

మీ కలెక్షన్లో ఉన్నవి అసలు గేములు కనుక అందులో రెయిన్‌బో ఉండదు. మీవాణ్ణి ఓడించాలంటే కిందికి వంగి కాళ్లు కొట్టడమే గతి.

ప్రశ్న: ఒక్క దెబ్బ కూడా తినకుండా ఆఖరిదాకా వెళితే రియూ గురువు షెంగ్ లాంగ్ వస్తాడని మా అన్నయ్య ప్రమాణం చేసి చెప్పేవాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అన్నయ్య అబద్ధం ఆడలేదమ్మా, ఆయన్ని ఎవరో మోసం చేశారు. గెలిచాక రియూ జపానీ భాషలో అనే మాటకి అర్థం, పైకెగిరి గుద్దే తన షోర్యూకెన్ దెబ్బను దాటలేనంతవరకూ నువ్వు గెలవలేవని. ఇంగ్లీషులోకి మార్చినవాళ్లు ఆ దెబ్బ పేరులో మొదటి రెండక్షరాలను చైనా ఉచ్చారణలో చదివి షెంగ్ లాంగ్ అనే మనిషిని పుట్టించారు. దాని మీద ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ అనే అమెరికా పత్రిక 1992 ఏప్రిల్ సంచికలో ఏప్రిల్ ఫూల్ చేసింది. రియూతో దెబ్బ తినకుండా చివరికంటా వెళ్లాలట, అక్కడ ఆఖరి శత్రువు బైసన్‌ని కొట్టకుండా, తాను దెబ్బ తినకుండా పది రౌండ్లు డ్రా చేయాలట. మా షాపులో ఒక కుర్రాడు పదో తరగతి పరీక్షల ముందు దీనికోసం ఎన్ని రూపాయలు పోశాడో లెక్కేస్తే ఇప్పటికీ నాకు మనసొప్పదు. పోసింది నా గల్లాపెట్టెలోనే, అది వేరే సంగతి.

దాచిపెట్టిన యోధుడు నిజంగా వచ్చింది 1994లో, సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో. వాడు అకూమా.

ప్రశ్న: వంగి గట్టి పంచ్ కొట్టి ముందుకు నడుద్దామనుకుంటే, నేను అడక్కుండానే ఫైర్‌బాల్ వెళ్లిపోతోంది. నా కంట్రోలర్ పాడైందా? వారంటీ ఉంది.
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: వారంటీ కాగితం లోపల పెట్టుకోండి. కంట్రోలర్ బాగానే ఉంది. స్ట్రీట్ ఫైటర్‌లో ఫైర్‌బాల్ లాంటి స్పెషల్ దెబ్బలు బటన్ నొక్కినప్పుడే కాదు, వదిలినప్పుడూ వస్తాయి. మీరు వంగి పంచ్ నొక్కారు, వేలు తీయలేదు. ఆ వేలు అక్కడుండగానే చెయ్యి కింద నుంచి ముందుకు జారింది, అప్పుడు వేలు లేచింది. గేముకి అది ఫైర్‌బాల్ అడిగినట్టే. పంచ్ తగలగానే వేలు తీసేయడం అలవాటు చేసుకోండి, ఆ బాధ పోతుంది.

దీన్నే తిరగేసి వాడుకోవచ్చు కూడా. బటన్ ముందే నొక్కి ఉంచి, చెయ్యి తిప్పి, వదలండి. తిప్పడం కుదిరితే స్పెషల్ వస్తుంది. కుదరకపోతే ఏమీ రాదు. మామూలుగా అయితే కుదరనప్పుడు ఉత్త పంచ్ ఒకటి గాల్లోకి పోయి, ఎదుటివాడికి మన దవడ అప్పగించినట్టవుతుంది.

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్‌లో మల్లయోధుడు జాంగీఫ్‌తో గిరగిరా తిప్పి నేలకేసి కొట్టే పట్టు ఎంత తిప్పినా రాదు, పైకి ఎగురుతాడు. చిట్కా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పూర్తి చుట్టు అక్కర్లేదు, ముప్పావు చాలు. నాలుగు దిక్కులూ తగిలితే గేము ఒప్పేసుకుంటుంది. ముందుతో మొదలెట్టి, కింద, వెనక, పైకి రాగానే పంచ్. కాళ్లు నేల విడిచేలోపు క్షణంలో చిన్న ముక్క ఖాళీ ఉంటుంది, ఆ సందులో పడాలి. ఎదుటివాడు చేతికందే దూరంలో ఉండాలనేది మర్చిపోకండి. ఈ సంగతి 1996లో మా పిల్లలకి తెలిసుంటే నా జాయ్‌స్టిక్కులు బతికేవి. తిరగలి తిప్పినట్టు తిప్పి మైక్రోస్విచ్చులు ఊడబీకేవాళ్లు.

ప్రశ్న: మా హాస్టల్లో క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్ఎన్‌కే 2 పోటీ పెట్టుకున్నాం. ఫైనల్లో మా రూమ్మేటు బ్లాంకాతో దొర్లబోయినట్టే ఉంటాడు, చటుక్కున కరెంటు వచ్చేస్తుంది, మా దెబ్బ వాడికి తగలదు. అది గేములో ఉన్న తప్పు, కాబట్టి కప్పు వాడికి ఇవ్వకూడదని సగం మంది. గేములో ఉన్నది వాడుకున్నాడు, అందులో తప్పేముందని సగం మంది. కప్పు ఇప్పటికీ వార్డెన్ గారి బీరువాలో ఉంది. మీరే తీర్పు చెప్పండి.
– హాస్టల్ విద్యార్థులు, విజయవాడ

జవాబు: కప్పు వాడికి ఇచ్చేయండి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మీవాడు చేసిన పని పేరు రోల్ క్యాన్సిల్. 2001లో వచ్చిన గేము అది. దొర్లేటప్పుడు మనిషికి దెబ్బ తగలదు, అది గేము పెట్టిన నియమమే. కానీ దొర్లడం మొదలైన మొదటి మూడు ఫ్రేముల్లో స్పెషల్ కొడితే దొర్లడం ఆగిపోతుంది, దెబ్బ తగలని గుణం మాత్రం ఆగదు. సెకనుకి అరవై ఫ్రేములు, అందులో మూడంటే సెకనులో ఇరవయ్యో వంతు. కంపెనీ అనుకోని తప్పే ఇది, సందేహం లేదు. కానీ ఆ సందులో ప్రతిసారీ వేలు పడాలంటే ఎన్ని రాత్రులు కూర్చోవాలో మీకూ తెలుసు. అమెరికాలో ఈవో లాంటి పెద్ద పోటీల్లోనే దీన్ని అడ్డుకోలేదు. పైగా దీనికి విరుగుడు ఉంది. బ్లాంకా కరెంటు చూపిస్తే దూరం జరగొచ్చు, కాచుకోవచ్చు, మీరూ నేర్చుకుని తిరిగి కొట్టొచ్చు.

ఇప్పుడు ఇంకో రకం చెప్తా. నా రెండో మెషిన్లో 1991 నాటి మొదటి స్ట్రీట్ ఫైటర్ 2 ఉండేది. అందులో మిలట్రీ గైల్‌కి మూడు మాయలున్నాయి. ఒకటి, తెర ఆ చివర నిలబడి ఈ చివరవాణ్ణి విసిరేయడం. రెండోది సంకెళ్లు. ఎదుటివాడు గైల్‌కి అతుక్కుపోయినట్టయి ఇక ఏమీ చేయలేడు. మూడోది ఘోరం, మెషినే ఆగి మళ్లీ మొదట్నుంచి స్టార్ట్ అవుతుంది. మొదటి రెండూ ఆడేవాళ్ల మధ్య గొడవ. మూడోది నా మీదికొచ్చే గొడవ. ఆట పోయింది కాబట్టి ఇద్దరూ "అంకుల్, మా రూపాయి" అని చెయ్యి చాపేవాళ్లు. ఓడిపోతున్నవాడే కావాలని చేశాడని తెలుసు, కానీ ఎలా నిరూపించను? చివరికి మెషిన్ నెత్తిన సుద్దముక్కతో రాసిపెట్టాను, "గైల్ మాయలు చేస్తే కాయిన్ గోవిందా" అని. ఛాంపియన్ ఎడిషన్లో కంపెనీయే వాటిని తీసేసింది. అకూమా సంగతీ అంతే. గాల్లోంచి ఏటవాలుగా దిగే వాడి ఫైర్‌బాల్‌కి మిగతావాళ్లలో ఎవరి దగ్గరా సరైన సమాధానం లేదు, అందుకే సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో పోటీల్లో వాణ్ణి తీసుకోనివ్వరు.

అసలు తప్పులన్నీ తీసేయాలంటే ఒకదాని వెంట ఒకటి పడే దెబ్బల వరస, అదే మీ కాంబోలు కూడా పోతాయి, తెలుసా? కారు పగలగొట్టే బోనస్ రౌండు ఉంది కదా, అది సరిచూస్తుండగా నిర్మాత నోరిటాకా ఫునమిజుకి ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య అదనంగా మరో దెబ్బ పడుతున్నట్టు కనిపించింది. ఇంత సన్నటి టైమింగు ఎవరికి చేతనవుతుందిలే అని వదిలేశాడు. రెండేళ్లకి, 1993 సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2లో, ఆ దెబ్బల్ని లెక్కపెట్టి పాయింట్లిచ్చారు. ఆ రోజు ఆయన పట్టుదలకు పోయి దాన్ని సరిచేసి ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదు, నేను చదివేవాణ్ణి కాదు.

వచ్చే ఏడాది పోటీకి మాత్రం నియమాలు ముందే కాగితం మీద రాసి గోడకంటించండి. ఓడిపోయాక రాసే నియమాన్ని ఎవరూ ఒప్పుకోరు. మీరంతా బ్లాంకాకి సమాధానం నేర్చుకుని రండి. మీ రూమ్మేటుకీ అదే కావాలి, చూడండి.

ప్రశ్న: టెక్కెన్ 3లో మా తమ్ముడు ఎడ్డీ అనే ఆటగాణ్ణి తీసుకుని రెండు కిక్కు బటన్లు ఇష్టమొచ్చినట్టు బాదేస్తాడు. నేనేమో బుద్ధిగా నేర్చుకుని ఆడి రోజూ ఓడిపోతున్నాను.
– ఒక అక్క, నల్గొండ

జవాబు: తల్లీ, ఇది రాష్ట్రమంతా ఉన్న బాధ. మీదికి వెళ్లకండి. ఎడ్డీ అరచేతుల మీద తిరుగుతున్నంతసేపూ అడుగు దూరంలో ఉండండి, పక్కకి జరగండి. వాడు ఆగి నిలబడిన క్షణం ఒక్కటి చాలు. దాచిన ఆటగాళ్లంతా తెరుచుకున్నాక ఎడ్డీ మీద స్టార్ట్ నొక్కి ఎంచుకుంటే గుబురు జుట్టు టైగర్ వస్తాడు, దెబ్బలు అవే. ఆ సంగతి మాత్రం తమ్ముడికి చెప్పకండి, ఇంకో ఏడాది ఆడతాడు.