బండి ఇచ్చే కరెంటు, నువ్వు అడిగే వేడి

అమ్మాయ్,

చలికాలంలో కొండదారిన బండి మీద వెళ్తున్నావని వదిన ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ భయపడుతూ చెప్తుంటే నాకు లోలోపల గర్వంగానే ఉంది. హీటెడ్ జాకెట్, గ్లోవ్స్, గ్రిప్స్, పైగా రెండు ఫాగ్ లైట్లు, అన్నీ ఒకేసారి కొనేశావని విన్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. అవన్నీ మంచివే, కాదనను. కానీ అవి లాగేదెంత, నీ బండి ఇవ్వగలిగేదెంత అని లెక్క వేశావా?

స్టేటర్, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే భాగం, ఎన్ని వాట్లు ఇస్తుందో సర్వీస్ మాన్యువల్‌లో చూడు. చిన్న బళ్లకు 100 నుంచి 200 దాకా, పెద్ద టూరింగ్ బళ్లకు 500 పైన కూడా ఉంటుంది. ఆ అంకె చూసి మురిసిపోకు. అది 5000 ఆర్‌పీఎం దగ్గరో, ఆ చుట్టుపక్కలో వచ్చేది. బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరిగే ఐడ్లింగ్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. వచ్చినదాంట్లోంచి ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్, హెడ్‌లైట్ తమ వాటా ముందే పట్టుకుపోతాయి. మిగిలిందే నీది.

స్టేటర్ 350 ఇస్తుందనుకో, బండికే 200 పోతుందనుకో. నీ చేతిలో ఉన్నది 150. జాకెట్‌కి 80, గ్లోవ్స్‌కి 25, గ్రిప్స్‌కి 35, హాలోజన్ ఫాగ్ లైట్లు ఒక్కోటి 55. కూడితే 250! ఆ తేడా అంతా బ్యాటరీలోంచి కారిపోతుంది. అసలే చలికి బ్యాటరీ సత్తువ తగ్గి ఉంటుంది. నువ్వు కొన్నవి హాలోజన్ లైట్లయితే నోరు మూసుకుని వెనక్కిచ్చెయ్. ఎల్‌ఈడీ జత 30 వాట్లలో తేలిపోతుంది. గ్లోవ్స్ వేసుకున్నాక గ్రిప్స్ ఆపేస్తే మొత్తం 135. సరిపోయింది.

ఇదైనా బండి పరుగులో ఉన్నప్పటి మాట. ఘాట్‌లో లారీ వెనక నత్తనడక నడిచేటప్పుడు ఈ లెక్క తప్పుతుంది. అందుకే హ్యాండిల్ మీద చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకో. నడుస్తుండగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. 13 కిందికి దిగి అక్కడే ఉంటే ఏదో ఒకటి ఆపు. జాకెట్ మాత్రం ఆఖర్న ఆపాలి. ఒళ్లు చల్లబడితే శరీరం ముందు చేతులకు రక్తం తగ్గించేస్తుంది, అప్పుడు ఎంత మంచి గ్లోవ్స్ ఉన్నా వేళ్లు కొంకర్లు పోతాయి. జాకెట్ లోపల పల్చటి చొక్కా ఉండాలి. ఒంటికి నేరుగా తగిలితే మెల్లగా కాలుతుంది, తెలియదు కూడా.

లైట్లకి రిలే పెట్టించు, చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటుని నడిపేది. కీ తీస్తే జాకెట్ లైను కూడా ఆగిపోవాలి. ఇవి ఎవరైనా చెప్తారు.

ఎవరూ చెప్పనిది మీ నాన్న సంగతి. నీకు ఆయన "ఆ ట్రిప్‌లో బండి పాడైంది" అనే చెప్పి ఉంటాడు. బండి నిక్షేపంగా ఉంది. గ్రిప్స్ వైరు తనే లాగి, హ్యాండిల్ కింద మెడ దగ్గర ప్లాస్టిక్ టైతో బిగించి కట్టాడు. దారిలో 5 ఆంపియర్ల ఫ్యూజ్ పోయింది. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. రెండుసార్లూ హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పినప్పుడే. వైరు ఎక్కడో నలుగుతోందని అది అరిచి చెప్తోంది, వినే ఓపిక ఆయనకి లేదు. చేతికి 30 ఆంపియర్ల ఫ్యూజ్ దొరికింది, పెట్టేశాడు. ఇక ఫ్యూజ్ పోలేదు.

పోయింది వైరు. నేను వెనక బండి మీద ఉన్నాను. ఒక హెయిర్‌పిన్ వంపులో ట్యాంకు కిందనుంచి పొగ లేచింది. పైన పెట్రోలు, కింద కాలుతున్న ప్లాస్టిక్. బ్యాటరీ నెగటివ్ విప్పుదామంటే స్పానర్ సామాను అడుగున, తాళ్ల కింద. చివరికి వైరునే పట్టుకుని లాగేశాడు. కరిగిన తొడుగు గ్లోవ్‌కి అంటుకుపోయింది. తర్వాత ట్యాంకు విప్పి చూస్తే, మెడ దగ్గర గోరంత మేర తొడుగు చెక్కుకుపోయి రాగి మెరుస్తోంది, ఎదురుగా ఫ్రేము మీద చిన్న నల్లమచ్చ. వైరు తొడుగు బుడగలు కట్టి పక్క వైర్లకి కూడా అతుక్కుంది.

అప్పటికి నీకు నడక కూడా రాలేదు. మీ నాన్న రోడ్డు పక్కన కూలబడి నీ గురించే మాట్లాడాడు. ఇంట్లో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఫ్యూజ్ ఉన్నది జాకెట్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు లోపే ఉండాలి. అంతకన్నా దూరంగా పెడితే ఆ మధ్య ముక్కకి దిక్కు లేదు. వైరులో పోయే కరెంటు కన్నా కాస్త ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ వెయ్యి, వైరు తట్టుకోలేనిది ఎప్పుడూ వెయ్యకు. రెండోసారి పోయిందంటే బండి ఆపి వెతకాల్సిందే, చీకటి పడుతున్నా సరే. మెడ దగ్గర వైరుకి కాస్త లూజు వదిలి, స్లీవ్ తొడిగించు. బ్యాటరీ టెర్మినల్‌కి పట్టే స్పానర్ జాకెట్ జేబులో ఉండాలి, సామానులో కాదు.

ట్యాంకు బిగించే ముందు ఫొటోలు పంపు. హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పి ఒకటి, ఎడమకి పూర్తిగా తిప్పి ఒకటి, ఫ్యూజ్ దగ్గరగా ఒకటి. నేను సరే అనేదాకా బోల్టు ముట్టుకోకు. మీ నాన్నకీ చూపించు. ఆయన ఏమీ అడక్కుండా ముందు మెడ దగ్గరే చూస్తాడు, చూస్తూ ఉండు.

మీ బాబాయి