సుడిదోమకు సైపర్‌మెత్రిన్ కొట్టొచ్చా?

ప్రశ్న: కోవూరు దగ్గర వరి కౌలుకు చేస్తున్నా. దుబ్బుల అడుగున రసం పీల్చే సుడిదోమ పడింది. మందుల షాపులో సైపర్‌మెత్రిన్ కొట్టమంటున్నారు. కొట్టొచ్చా అన్నా?
– కౌలు రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: వద్దు తమ్ముడూ! ఆ మందుకు ముందు చచ్చేది దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు. అవి పోతే దోమకు అడ్డేముంది, ఇంకా ఉధృతమవుతుంది. మొదట మడిలో నీళ్లు తీసేసి ఆరబెట్టు. యూరియా ఆపు. (పెన్నా కాలవల కింద మనవాళ్లకు యూరియా చల్లి పైరు నల్లగా, అంటే ముదురు పచ్చగా, కనిపించకపోతే నిద్ర పట్టదు!) రెండు మీటర్లకో 20 సెంటీమీటర్ల కాలిబాట నాటేటప్పుడే వదలాల్సింది. ఇప్పుడైనా పైరు పాయలు తీసి గాలీ వెలుతురూ తగలనివ్వు. దుబ్బుకు 10–15 దోమలు దాటితేనే బుప్రొఫెజిన్ 25 ఎస్.సి. అనే ద్రవ మందు, లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు, మొదళ్లు తడిసేలా కొట్టు. ముక్కుకు గుడ్డ కట్టుకో, గాలికి ఎదురెళ్లొద్దు.