పట్టా, నూలా, రేయానా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పెళ్లిళ్ల కాలం కదా, ఈసారి పట్టు మీదే ఎక్కువమంది అడిగారు. ఆ తర్వాత బోరు నీళ్ల గోల. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: అమ్మాయి పెళ్లికి ధర్మవరం వెళ్లాం. చూడ్డానికి ఒకేలా ఉన్న చీరలు ఒక కొట్లో ఆరు వేలు, పక్క కొట్లో పద్దెనిమిది వేలు. రెండూ పట్టేనంటారు. ఎలా నమ్మేది?
– ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: మోసం జరిగితే రెండు చోట్ల జరుగుతుంది: పోగులో, లేదా జరీలో. పోగు సంగతి తేల్చడం తేలిక.

కొంగు చివర వేలాడేవి పడుగు పోగులు. జాకెట్టు ముక్క కోసిన అంచు నుంచి అడ్డంగా లాగితే వచ్చేది పేక పోగు. రెండింటినీ విడివిడిగా చూడాలి. ఎందుకంటే పడుగులో అసలు పట్టు వేసి, పేకలో పాలిస్టరు కొట్టేసిన చీరలు బజారులో బోలెడు. రెండంగుళాల పోగును పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి, అగ్గిపుల్ల అంటించండి. అసలు పట్టయితే మెల్లగా ముడుచుకుంటూ కాలుతుంది, మంట తీసేస్తే దాదాపు ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. మిగిలిన నల్లటి పూస వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టరు కరిగి కారుతుంది. చల్లారాక గట్టి పూస మిగులుతుంది, గోటితో నొక్కినా నలగదు. కాగితం కాలిన వాసన వచ్చి, మంట ఆరాక కూడా నిప్పు రవ్వ పాకుతూ, చివరికి బూడిద మిగిలితే అది నూలో రేయానో. రేయానైతే ‘ఆర్ట్ సిల్క్’ అని అమ్మే సరుకు. ఆ పేరులో ఆర్ట్ అంటే కళ కాదు, ‘ఆర్టిఫిషియల్’ను కత్తిరించిన ముక్క.

అసలు పట్టుకు ఆ ధర ఎందుకంటే, కిలో పచ్చి పట్టు తీయాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల పట్టుగూళ్లు కావాలి. హిందూపురం మార్కెట్లో గూళ్ల ధర చూస్తే లెక్క మీకే తెలుస్తుంది. ఆ పచ్చి పట్టును ఉడకేసి జిగురు తీస్తే బరువులో 20–25 శాతం పోతుంది. మెరుపు, మెత్తదనం వచ్చేది అలా జిగురు పోయాకే.

ఇక జరీ. అసలు జరీలో పట్టు పోగు మీద వెండి తీగ చుట్టి, దాని మీద బంగారు పూత పూస్తారు. ‘టెస్టెడ్ జరీ’లో వెండి బదులు రాగి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ ఎరుపు బయటపడుతుంది. మూడో రకం ఉత్త ప్లాస్టిక్ జరీ. సెగ చూపిస్తేనే ముడుచుకుపోతుంది. టెస్టెడ్ జరీ చీర కొనడం తప్పేమీ కాదు, అసలు జరీ ధర ఇచ్చి కొంటేనే తప్పు. బిల్లు మీద ఏ జరీయో రాయించుకోండి.

గుర్తుల దగ్గర ఒక చిక్కుంది. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ‘ఇది అసలు పట్టు’ అని చెబుతుంది. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ‘ఇది చేమగ్గం మీద నేసింది’ అని మాత్రమే చెబుతుంది, పోగు పట్టని ఎక్కడా చెప్పదు. రెండో గుర్తు చూపించి మొదటి మాట చెప్పే కొట్లున్నాయి. చేనేత అవునో కాదో కంటితో చూడాలంటే రెండు అంచుల చివర్లు పట్టి చూడండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా లాగిపట్టే పుల్లకు సూదులుంటాయి. వాటి చిన్న చిన్న బెజ్జాలు అంచు పొడవునా కనబడతాయి.

ప్రశ్న: రేయాన్ కుర్తీలు ‘నేచురల్ ఫ్యాబ్రిక్’ అని అమ్ముతున్నారు. ‘బాంబూ కాటన్’ అనీ ఉంది. ఇవి సహజమేనా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: పుట్టుక చెట్టు నుంచే, పెరిగింది మాత్రం ఫ్యాక్టరీలో. కర్ర గుజ్జును రసాయనాల్లో కరిగించి, సన్న బెజ్జాల గుండా తోసి పోగు చేస్తారు. వెదురు బట్టల్లో ఎక్కువ భాగం కూడా ఈ పద్ధతిలో చేసిన విస్కోసే, అంటే రేయానే. ఒంటికి చల్లగా, జారుగా ఉంటుంది, వేసుకోవడానికి ఇబ్బందేమీ లేదు. కానీ తడిస్తే దాని బలం సగానికి పడిపోతుంది. నూలు అందుకు తారుమారు, తడిస్తే ఇంకా బలపడుతుంది. ఈ తేడాతోనే ఇంట్లో పట్టుకోవచ్చు: ఒక పోగు తీసి మధ్యలో తడి చేసి రెండు కొసలు లాగండి. ఎప్పుడూ తడి చేసిన చోటే తెగుతుంటే అది రేయాన్. కాబట్టి బండ మీద బాదకండి, గట్టిగా పిండకండి.

ప్రశ్న: మేం పండించి ఆదోని మార్కెట్టులో అమ్మే పత్తితోనే కదా నూలు తీసేది. మరి 100 కౌంటు చీర అంటూ అంత ధర ఎందుకు? కౌంటు అంటే ఏంది?
– ఒక రైతు, ఆదోని దగ్గర

జవాబు: కౌంటు అంటే నూలు సన్నదనం. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని చిలపలు తూగితే అంత నంబరు. 20 నంబరైతే ఇరవై చిలపలు, లావు పోగు. 80 నంబరైతే ఎనభై చిలపలు. అంటే అరకిలో కూడా లేని నూలు అరవై కిలోమీటర్ల పొడవు పోతుంది.

అంత సన్నగా వడికితే తెగకుండా ఉండాలంటే పింజ పొడుగ్గా ఉండాలి. మన దిక్కున ఎక్కువగా పండే హైబ్రిడ్ పత్తి పింజ 28–30 మిల్లీమీటర్లు ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, చొక్కా గుడ్డలు, మామూలు చీరలకు అది బంగారం లాంటి సరుకు. ఎనభై, వంద నంబర్లకు మాత్రం 33 మిల్లీమీటర్లు దాటిన పింజ కావాలి, దాన్ని దువ్వి పొట్టి పోగులన్నీ ఏరేయాలి. ధర అక్కడ పెరుగుతుంది. ఈ దువ్వడం ఎగ్గొట్టిన నూలుతో చేసిన బట్టకే నాలుగు ఉతుకుల్లో ఉండలు కడతాయి.

కొట్లో ‘2/100’ అని చెబితే తొందరపడకండి. వంద నంబరు పోగులు రెండు కలిపి పేనిన దారమది, మందం 50 నంబరు దారంతో సమానం. బలంగా ఉంటుంది, అంతే. ఒంటి పోగు వంద నంబరు బట్టలా పలచగా తేలదు.

కర్నూలు ఎండలకు ఏది మంచిదని ఇంకొందరు అడిగారు. 60 నుంచి 100 నంబరు దాకా, సాదా నేత, వదులు నేత. మన ఎండ పొడి ఎండ, చెమట వెంటనే ఆరిపోవాలంటే గాలి ఆడాలి. ముతక ఖద్దరు మంచిదే, కానీ చెమట పీల్చుకుని బరువెక్కి ఆలస్యంగా ఆరుతుంది. తువ్వాలుకు మాత్రం లెక్క పూర్తిగా తారుమారు: ఎమ్మిగనూరు తువ్వాలు లాంటి లావు నూలు ముతక నేతే నీళ్లు బాగా తాగుతుంది. కొత్త తువ్వాలు నీళ్లు పీల్చడం లేదంటే అందులో గంజి, పత్తి మైనం ఉన్నట్టు. రెండుసార్లు వేడి నీళ్లలో ఉతికితే దారికొస్తుంది. సాఫ్టెనరు పోస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఉతికితే తెల్ల పంచెలు బూడిద రంగుకు తిరుగుతున్నాయి. పట్టు చీరలు ఇంట్లో ఉతికితే మెరుపు పోయింది.
– అనంతపురం, కదిరి, పులివెందుల నుంచి పలువురు

జవాబు: బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెట్టు కడుతుంది. ఆ తెట్టు పోగుల్లో ఇరుక్కుని మురికిని పట్టుకుంటుంది. మీరు నురగ కోసం ఇంకా సబ్బు రుద్దుతారు, తెట్టు ఇంకా పెరుగుతుంది.

నూలు బట్టలకు పది లీటర్ల నీళ్లలో ముందు ఒక టీస్పూను చాకలి సోడా కరిగించి పది నిమిషాలు ఆగండి. ఆ తర్వాత సబ్బు బిళ్ల బదులు డిటర్జెంటు పౌడరు వేయండి. ఇప్పటికే బూడిద రంగు పట్టినవైతే, పది లీటర్లలో ఒక గ్లాసు తెల్ల వెనిగరు పోసి అరగంట నానబెట్టి, బాగా జాడించి, తర్వాత మామూలుగా ఉతకండి. వెనిగరు పోసిన నీళ్లలో బ్లీచింగు మాత్రం కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రమాదం. ఇంకోటి, ఆర్వో మెషిను వదిలేసే నీళ్లు పొదుపని బట్టలకు వాడుతున్నారు. వాటిలో ఉప్పులు బోరు నీళ్ల కంటే ఎక్కువ. ఇల్లు తుడవడానికి వాడుకోండి.

చాకలి సోడా పట్టుకు, ఉన్నికి పనికిరాదు. ఆ రెండూ మన వెంట్రుకల్లాగే ప్రొటీన్‌తో అయినవి. సోడా గుణం వాటిని తినేస్తుంది. బ్లీచింగు అయితే ఏకంగా కరిగించేస్తుంది. పట్టుకు కుంకుడుకాయ ఉండగా వేరే వెతుక్కోనక్కర్లేదు. కుంకుడు నురగ బోరు నీళ్లలోనూ తెట్టు కట్టదు. ఒక చీరకు పది పన్నెండు కాయలు, గింజ తీసి, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి, గుడ్డతో వడకట్టండి. బకెట్ చల్లని నీళ్లలో కలిపి, చీరను రెండు మూడు నిమిషాలు ముంచి లేపండి. నానబెట్టొద్దు, పిండొద్దు. చివరి జాడింపు నీళ్లలో ఒక టేబుల్ స్పూను వెనిగరు వేస్తే పాత సబ్బు తెట్టు వదిలి మెరుపు కొంత తిరిగొస్తుంది. తెల్ల, లేత రంగు పట్టుకు కుంకుడు పసరు గోధుమ ఛాయ పట్టించవచ్చు. అలాంటివీ, బరువైన జరీ ఉన్నవీ డ్రై వాషుకే ఇవ్వండి.

ఏది ఉతికే ముందయినా కొంగు లోపలి మూల తడిపి, తెల్ల గుడ్డ పెట్టి ఒక నిమిషం అదమండి. గుడ్డకు రంగంటితే ఇంట్లో ముట్టుకోవద్దు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనేది ఆశ మాత్రమే. సరిగా పట్టని అద్దకాన్ని ఉప్పు పట్టించలేదు.

ప్రశ్న: 60 నంబరు లినెన్ అని చొక్కా గుడ్డ కొన్నా. కారులో కూర్చుని లేస్తే చాలు, నలిగిపోతోంది. నకిలీయా?
– ఒక ఉద్యోగి, కడప

జవాబు: నలగకపోతేనే అనుమానించాలి. లినెన్ అవిసె కాడల నార. పొడిగా, గట్టిగా ఉంటుంది, సాగదు, అందుకే మడతపడితే అలాగే నిలుస్తుంది. ముట్టుకుంటే చల్లగా, పోగు అక్కడక్కడా లావుగా ఉంటే మంచి గుర్తు. మీకు చెప్పిన నంబరు నూలు నంబరు కాదు, ‘లీ’. లినెన్ లెక్కలో చిలప 300 గజాలే. కాబట్టి 60 లీ అంటే నూలు లెక్కలో దాదాపు 21 నంబరు మందం. ఇస్త్రీ కొంచెం తడి మీదే, పెట్టె బాగా వేడిగా ఉండాలి. ప్రతిసారీ అదే గీత మీద మడిచి ఇస్త్రీ చేస్తే కొన్నాళ్లకు ఆ గీత మీదే చిరుగుతుంది. లాండ్రీ అతనికి చెప్పండి.

ప్రశ్న: బీరువాలోని పెళ్లి చీర విప్పితే మడత దగ్గర గీత గీసినట్టు చీలిపోయింది. ఒక్కసారి కూడా సరిగ్గా కట్టలేదు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కట్టకపోవడమే కొంత కారణం. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే జరీ తీగ పక్కనున్న పట్టు పోగును కోస్తుంది. చెమటతో అలాగే మడిచి పెట్టి ఉంటే పోగు ముందే బలహీనపడి ఉంటుంది. చీలిన చోట రఫూ చేయించవచ్చు, కానీ పట్టు అంతా చేవ చచ్చి ఉంటే కుట్టు పక్కనే మళ్లీ చీలుతుంది. వేలితో మెల్లగా నొక్కి చూసి, ఇంకోచోట కూడా చిట్లితే రఫూ డబ్బులు దండగ. అంచులు, కొంగు తీసి వేరే బట్టకు వేయించుకోండి.

మిగతా చీరలకు: కట్టి విప్పాక రెండు గంటలు నీడలో ఆరేయండి. పాత నూలు పంచెలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు. మూడు నెలలకోసారి మడత మార్చండి, వీలైతే జరీ లోపలి వైపుకు. నాఫ్తలీన్ ఉండలు చీర మడతల్లో వేయకూడదు. గుడ్డ మూటలో కట్టి పై అరలో పెడితే ఆ ఆవిరి బరువు కాబట్టి కిందికే దిగుతుంది. సెంటు చీర మీద కొట్టొద్దు. నల్లబడ్డ జరీని చింతపండుతో, నిమ్మకాయతో తోమితే పూత కూడా ఊడొస్తుంది. నూలు చీరలైతే గంజి వదిలించాకే దాచండి. గంజి కోసమే వెండి పురుగులు చేరతాయి.

ప్రశ్న: తాతగారి గొంగళి ఉంది. గుచ్చుకుంటోంది. వాషింగ్ మెషిన్లో వేయొచ్చా?
– కళ్యాణదుర్గం

జవాబు: వేశారంటే చాపముక్క అవుతుంది. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, కుదుపు కలిస్తే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బిగుసుకుంటాయి, మళ్లీ విడదీయలేం. చల్లని కుంకుడు నీళ్లలో ముంచి, నొక్కి నీళ్లు తీసి, మంచం మీద పరిచి నీడలో ఆరనివ్వండి. దండెం మీద వేస్తే నీటి బరువుకు సాగిపోతుంది. మగ్గమెక్కే ముందు పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ఆ బిరుసు ఉతుకుతో తగ్గుతుంది, గుచ్చుడు మాత్రం పూర్తిగా పోదు. దక్కన్ గొర్రె బొచ్చే ముతక. లోపల పలచని నూలు దుప్పటి కప్పుకుని పైన గొంగళి వేసుకోండి.

ప్రశ్న: ఫాల్ కుట్టించిన చీర ఒక్క ఉతుక్కే అడుగున కుచ్చు పెట్టినట్టు ముడుచుకుంది.
– నంద్యాల

జవాబు: చీర కాదు, ఫాల్ ముడుచుకుంది. ఫాల్ నూలు గుడ్డ. రెండున్నర మీటర్లలో మూడు శాతం కుంచించుకున్నా ఏడెనిమిది సెంటీమీటర్లు పోయినట్టే. కుట్టు విప్పి, చీర అంచు ఇస్త్రీ చేసి, అదే ఫాల్‌ను మళ్లీ వదులుగా కుట్టించండి. ఇప్పటికే కుంచించుకుంది కాబట్టి మళ్లీ ఇబ్బంది పెట్టదు, చివర్లో పొట్టిపడ్డంత ముక్క అతికిస్తే సరి. ఇకమీదట కొత్త ఫాల్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేసి దర్జీకి ఇవ్వండి. ఎరుపు, మెరూన్ ఫాల్ అయితే నీళ్లు తేటపడేదాకా మార్చండి. పట్టు చీరకు మెషిను కుట్టు వద్దు, చేతి కుట్టే వేయమనండి. సూది బెజ్జాలు పట్టులో పూడవు.