అప్పిచ్చే ‘మహాజనులు’ ఎవరు?

సందేహం: బెంగాల్ చరిత్ర మీద ఒక వ్యాసంలో ‘ముస్లిం రైతులు మహాజనుల దగ్గర అప్పులు చేసి చితికిపోయారు’ అని ఉంది. మహాజనులంటే పెద్దలు, సభలోని జనం కదా? ఈ వాడుక సరైనదేనా?

సమాధానం: మీ అనుమానం సబబే. బెంగాలీలో, హిందీలో మహాజన్ అంటే వడ్డీకి డబ్బిచ్చేవాడు. తెలుగులో ఆ అర్థం వాడుకలో లేదు. అనువాదకుడు ‘మహాజన్’కి ‘-లు’ తగిలించి ఊరుకోవడంతో పాపం పెద్దమనుషులందరూ వడ్డీ వ్యాపారులైపోయారు.

తూర్పు బెంగాల్లో జనపనార పండించే రైతుల్లో ఎక్కువమంది ముస్లింలు. పంట చేతికొచ్చేదాకా తిండిగింజలకు కూడా మహాజన్ దగ్గర చెయ్యి చాచాల్సిందే. 1929 మాంద్యం తర్వాత జనపనార ధర పడిపోయింది గాని బాకీ తగ్గలేదు. 1930 జూలైలో మైమన్‌సింగ్ జిల్లా కిశోర్‌గంజ్ పల్లెల్లో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్లమీద పడి, తమస్సుకులు ఇచ్చెయ్యమన్నారు. తమస్సుకు అంటే అప్పుపత్రం. అది మన పాత దస్తావేజుల్లోనూ కనిపించే మాటే, ఇప్పుడంతా ప్రోనోటు అంటున్నాం. దాడికి గురైనవాళ్లలో ఎక్కువమంది హిందువులే అయినా, అప్పులిచ్చే ముస్లింలనూ వదల్లేదు. కాబట్టి మహాజన్ అన్నది వృత్తి పేరే, మతం పేరు కాదు.

ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కదా అని మీరు అడగవచ్చు. నిషేధం ఉన్నా అప్పులిచ్చినవాళ్లు ఉన్నారు. పైగా వడ్డీ అనే మాటే రాకుండా నడిచే పద్ధతి ఒకటి అక్కడ ఉండేది, దాని పేరు ఖాయి-ఖలాసీ. అప్పిచ్చినవాడు గడువుదాకా పొలం ఫలసాయం తింటాడు, ఆ తర్వాత పొలానికి విడుదల. అసలూ వడ్డీ అందులోనే చెల్లు. మనం ‘పని ఖలాస్’ అంటామే, ఆ ఖలాసే ఇది. తెలుగులో ‘స్వాధీన తనఖా’ దీనికి దగ్గరగా ఉంటుంది. రైతుల అప్పుల తగాదాలు తీర్చడానికి బెంగాల్‌లో 1935 నాటి రుణగ్రస్త రైతుల చట్టంతో వచ్చిన ‘ఋణ సాలిశీ బోర్డు’ను మాత్రం ‘రుణ పరిష్కార మండలి’ అంటే చాలు. సాలిశీ అంటే మధ్యవర్తిత్వం.

మీరు చదివిన వాక్యంలో ‘వడ్డీ వ్యాపారుల దగ్గర’ అని ఉండాల్సింది. ‘షావుకారు’ తప్పు కాదు గాని, చాలా ఊళ్లలో కొట్టు యజమానినీ అలాగే పిలుస్తారు. బెంగాలీ మాటే ఉంచాలనుకుంటే, మొదటిసారి అర్థం చెప్పి, ‘మహాజన్‌లు’ అని రాయవచ్చు.