టాపెట్ చప్పుడు ఆపమన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించావని తెలిసి ఎంత సంతోషించానో! టాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిపించే భాగాలు, టిక్కుటిక్కుమంటున్నాయి, గ్యాప్ తగ్గించేయనా అని అడిగావు. ఆ పని మాత్రం చేయకు.

ఆ 1489 సీసీ ఇంజన్‌లో టాపెట్లు ఆయిల్ ఒత్తిడితో తామే సర్దుకునే రకం కావు. వేడికి వాల్వు కాడ సాగుతుంది కాబట్టి, దానికీ, దాన్ని నొక్కి తెరిచే రాకర్ అనే చేతికీ మధ్య మనమే ఖాళీ వదలాలి. అంగుళంలో వెయ్యో వంతులు 15, అంటే 0.38 మిల్లీమీటర్లు. అంత ఖాళీ ఉంటే సన్నని చప్పుడు వస్తుంది, రావాలి కూడా. భయపడవలసింది అది ఆగిపోయినప్పుడు. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా దింపుకునేది మూసుకుని, తను ఆనే అంచు అయిన సీటు మీద కూర్చున్నప్పుడే. ఖాళీ లేకపోతే అది పూర్తిగా కూర్చోలేదు.

నా తొలి రోజుల్లో ఒక టాక్సీ యజమాని అసలు చప్పుడే వినిపించకూడదంటే ఎనిమిది వాల్వుల ఖాళీలూ బిగించి పంపాను. నెల తిరగకుండానే బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పితే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలుక కొరికిన రొట్టెలా ఉంది. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే. గట్టి సీట్లు వేయించని హెడ్‌లో ఇప్పుడు సీటు అరిగి, వాల్వు పైకి జరిగి, ఖాళీ దానంతటదే తగ్గిపోతుంది. అందుకే 5,000 కిలోమీటర్లకోసారి చూసుకో.

ముందు హెడ్ నట్లు సరిచూసి, ఆ తర్వాతే టాపెట్లు ముట్టుకో. ఇంజన్ వేడిగా ఉండాలా చల్లగానా అన్నది మాన్యువల్‌లో చూడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు తీసి, హ్యాండిల్‌తో తిప్పు. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది. రెండు వాల్వుల అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి, అంతే లెక్క. ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ ఆకు కాస్త పట్టి వదిలినట్టు రావాలి. సర్దే స్క్రూను కదలకుండా పట్టే లాక్‌నట్‌తో పాటు ఆ స్క్రూ కూడా తిరుగుతుంది కనుక బిగించాక మళ్లీ ఆకు పెట్టి చూడు.

అంతా చేసినా ఒకటి టకటకమంటుంటే ఆ రాకర్ కొనను వేలితో తడుము. కాడ తగిలే చోట గుంట పడి ఉంటుంది. ఆకు ఆ గుంటలోకి దిగకుండా పైన వంతెనలా నిలుస్తుంది. గేజ్ 15 చూపించినా అసలు ఖాళీ అంతకన్నా ఎక్కువే. బిగించి సర్దుకోకు, రాకర్ మార్చు.

రాకర్ల మీది మూతకు కొత్త కార్క్ గాస్కెట్ వెయ్యి, అతిగా బిగించకు. స్టార్ట్ చేశాక నాకు ఫోను చేసి ఇంజన్ దగ్గర పెట్టు, వింటాను.

మీ మామయ్య