డైపర్ మీది బొమ్మ రంగు చేతికి అంటుతోందా? ముందు ఇంకును అనుమానించకండి

డైపర్ వెలుపలి పొరగా వాడే తెల్లటి స్పన్‌బాండ్ గుడ్డ మీద చిన్న బొమ్మలు వేయిస్తున్నాం, రుద్దితే రంగు అంటుకుంటోంది, ఇంతకంటే ఖరీదైన ఇంకు కొనాలా అని అడిగారు. ఇంకు సంగతి తర్వాత. ముందు బొమ్మ చోటు మార్చండి.

ఫ్లెక్సో, అంటే మెత్తటి ఉబ్బెత్తు అచ్చుపలకలతో ముద్రించే యంత్రం మీద తొమ్మిదేళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం డైపర్ల పనే. స్పన్‌బాండ్ అంటే పాలీప్రొపిలీన్ పోగులను నేయకుండా పరిచి, వేడి రోలర్ల మధ్య చుక్కలు చుక్కలుగా అతికించిన గుడ్డ. అతుకు పడిన చోట నున్నగా ఉంటుంది, చుట్టూ పోగులు లేచి ఉంటాయి. ఇంకు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. కొంత పోగుల సందుల్లోంచి దిగి వెనుక రోలర్‌కు అంటి, గుడ్డ వీపున మరకలు వేస్తుంది. ఇవన్నీ ఓర్చుకుని ముద్రించినా రంగు బయటే ఉంటుంది. బిడ్డ చేయి, అమ్మ చీర, పక్క దుప్పటి రోజంతా దాన్నే రాస్తుంటాయి.

అందుకే మేము గుడ్డ కింద ఉండే పాలిథిన్ ఫిల్మ్ మీద, గుడ్డకు ఆనుకునే వైపున ముద్రించేవాళ్లం. తర్వాత గమ్ముతో రెండింటినీ కలిపి అతికిస్తే రంగు మధ్యలో ఉండిపోతుంది. పై గుడ్డ 12 నుంచి 15 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉంటే బొమ్మ బాగానే కనిపిస్తుంది. కొంచెం వెలిసినట్టు ఉంటుంది కాబట్టి రంగు ఒక మెట్టు ముదురుగా ఎంచుకోండి. గాలాడే రకం ఫిల్మ్ అయితే నిండు రంగు దిమ్మలు వేయకండి. కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి సాగదీయడం వల్ల దానిలో సన్నని రంధ్రాలు ఏర్పడతాయి, ఆవిరి బయటికి పోయేది వాటిలోంచే. ఇంకు వాటిని మూసేస్తుంది. గీతలు, చుక్కలు, విడివిడిగా చిన్న బొమ్మలు చాలు.

ఫిల్మ్ మీదికి మారినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేరు. మా దగ్గర పై గుడ్డ లేని చవక రకం ఒకటి ఉండేది, నీలం ఏనుగులు నేరుగా ఫిల్మ్ వెలుపలే ఉండేవి. ఒక వర్షాకాలం ఒక తల్లి పంపిన ఫొటో వచ్చింది. బిడ్డ తొడ మీద నీలం మరక. ఆ ఫొటో నాకు ఇప్పటికీ గుర్తుంది. మేము రెండుసార్లు ఇంకు మార్చాం, ఫలితం లేదు. చివరికి మా ఫోర్‌మన్ డైన్ పెన్నుతో, అంటే ఉపరితలం రంగును పట్టుకుంటుందో లేదో చూపే పరీక్ష ద్రవం నింపిన పెన్నుతో, ఫిల్మ్ మీద గీత గీశారు. 38 పెన్ను గీత నీటి బొట్లలా విడిపోయింది. అంతకంటే తక్కువ స్థాయిదైన 34 కూడా అంతే, అంటే ఫిల్మ్ రంగు పట్టే స్థితిలో లేదు. రంగు పట్టడానికి ఫిల్మ్‌కు కరోనా ట్రీట్‌మెంట్ చేస్తారు, అంటే అధిక వోల్టేజీ విద్యుత్తుతో ఉపరితలాన్ని సిద్ధం చేయడం. ఆ గుణం రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మా రోల్స్ ఎండాకాలం నుంచి గోదాములో పడి ఉన్నాయి. అన్నిటినీ తుక్కు కింద వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి రోల్ మీద ట్రీట్‌మెంట్ తేదీ రాసేవాళ్లం, యంత్రానికి ఎక్కించే ముందు మళ్లీ గీత గీసి చూసేవాళ్లం. స్పన్‌బాండ్ మీద మాత్రం ఈ పెన్నును నమ్మకండి, ద్రవం పోగుల్లోకి ఇంకిపోతుంది.

బొమ్మ సరిగ్గా డైపర్ నడిమధ్యకే రావాలన్న పట్టుదల ఇప్పుడే వద్దు. దానికి కోత యంత్రంలో గుర్తును పట్టే సెన్సార్ కావాలి. ఎక్కడ కోసినా బాగుండేలా బొమ్మలు చల్లినట్టు వేయించండి.

లోపలి పొర మీద, అంటే చర్మానికి తగిలే వైపు, ఎవరు ఎంత అందంగా ఉంటుందని చెప్పినా ముద్రించకండి. శానిటరీ ప్యాడ్లకైనా నా మాట ఇదే. బిడ్డల డైపర్లకు ఐఎస్ 17509:2021 అనే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, తెప్పించుకుని చదవండి.

నమూనా చేతికి రాగానే తెల్లటి నూలు గుడ్డతో పొడిగా ఒకసారి, నీటితో తడిపి ఒకసారి, బేబీ ఆయిల్ అద్ది ఒకసారి గట్టిగా రుద్దండి. మొదటి రెండింట్లో నిలిచిన రంగు నూనె దగ్గర ఊడిపోవడం చాలాసార్లు చూశాను. బిడ్డ ఒంటికి నూనె రాయని ఇల్లు మన దగ్గర తక్కువ.