ముందు బ్యారెల్ చూడు అల్లుడూ

చి॥ అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

గ్రీన్ కార్డు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వేమో ఆ కబురు ఒక్క లైన్లో ముగించి, మిగతా మెసేజ్ అంతా టార్గెట్ షూటింగ్‌కి ఏ రైఫిల్ కొనాలన్న దాని గురించే రాశావు. సరే, అడిగావు కాబట్టి చెప్తున్నాను.

హెచ్1బీలో ఉన్నన్నాళ్లూ ఆగి మంచి పని చేశావు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు గన్నుగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయర్‌ని అడక్కుండా వాటి జోలికి పోకూడదు. నీకు ఇక ఆ బెడద లేదు, మీ ఫ్రెండ్స్‌కి ఉంది. షూటింగ్ రేంజ్‌కి వెంట వచ్చినవాడు ‘ఒక్క రౌండ్ కొడతా’ అంటే మొహమాటపడి చేతికివ్వకు. తెలిసి ఇచ్చినవాడి మీద కూడా కేసవుతుంది.

ఇక అసలు సంగతి. నీ లిస్టులో 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా రకం ముందుంది. మంచి క్యాలిబరే, కాదనను. 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరి, 1,000 గజాల దాకా గాలిని బాగా తట్టుకుంటుంది. కానీ దాన్ని సెమీ ఆటోమేటిక్‌లో (ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే ఎక్కే రైఫిల్‌లో) కొనడమే నాకు నచ్చదు. సెమీ ఆటోల్లో ఏఆర్-15 రకం రైఫిల్ విడిభాగాలు ఏ కంపెనీవైనా చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. ఏఆర్-10 సైజు పెద్ద రైఫిళ్లకు ఆ ప్రమాణం లేదు, ఒకరి మేగజీన్ (తూటాలు నింపే డబ్బా) ఇంకొకరిదాంట్లో పట్టకపోవచ్చు. పైగా బరువెక్కువ, తూటా ఖరీదెక్కువ, బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) కూడా 308 క్యాలిబర్‌తో పోలిస్తే త్వరగా అరుగుతుంది. 1,000 గజాలే కావాలనుకుంటే బోల్ట్ యాక్షన్‌లో (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగేదాంట్లో) 6.5 కొనుక్కో. సెమీ ఆటోనే కావాలంటే ఏఆర్-15, 223 క్యాలిబర్‌లో. నా ఓటు దీనికే.

చిన్న తూటా కదా అని తీసిపారేయకు. ఒహాయోలో క్యాంప్ పెర్రీ అని ఉంది, 1907 నుంచి అక్కడ నేషనల్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. సర్వీస్ రైఫిల్ (సైన్యం వాడే రకం రైఫిల్) పోటీలో 600 గజాల దగ్గర ఎక్కువమంది పట్టుకునేది ఈ ఏఆర్-15నే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల రింగ్ 12 అంగుళాలు. తూటాలు ఎంత దగ్గరగా పడతాయో ఎంఓఏ అనే కోణంలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర అంగుళం పైచిలుకు, 600 దగ్గర ఆరు అంగుళాల పైచిలుకు. అంటే ఒక ఎంఓఏ కొట్టే రైఫిల్ ఆ రింగ్‌లో హాయిగా సరిపోతుంది. అర ఎంఓఏ గ్యారంటీ అని రెట్టింపు ధర చెప్పేవాళ్ల మాటలకు పడిపోవద్దు. వాళ్లు చూపించేది మూడు రౌండ్ల గ్రూప్, అంటే మూడు తూటాలు పడ్డ చోట్ల వెడల్పు. పది రౌండ్లు కొట్టి చూపించమను, ఆ గ్రూప్ ఎంత పెరుగుతుందో నువ్వే చూస్తావు.

డబ్బంతా బ్యారెల్ మీద, ట్రిగ్గర్ మీద పెట్టు. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదువు. 18 లేదా 20 అంగుళాల పొడవు, 223 వైల్డ్ ఛాంబర్ (తూటా కూర్చునే గది), 1:8 ట్విస్ట్ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. వైల్డ్ ఛాంబర్‌లో 223, 5.56 నాటో తూటాలు రెండూ వాడొచ్చు. ఉత్త 223 అని ఉన్న బ్యారెల్‌లో 5.56 కొడితే ప్రెషర్ ప్రమాదకరంగా పెరగొచ్చు. 1:8 అంటే ఎనిమిది అంగుళాలకు బుల్లెట్ ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. 69, 77 గ్రెయిన్ల మ్యాచ్ (పోటీ) బుల్లెట్లు నిలకడగా పోవాలంటే ఆ మాత్రం తిప్పు కావాలి. హ్యాండ్‌గార్డ్ (ముందు చెయ్యి పట్టే భాగం) బ్యారెల్‌కి తగలకుండా ఉండాలి, ఫ్రీ ఫ్లోట్ అంటారు. లేకపోతే స్లింగ్ (రైఫిల్ పట్టీ) బిగించి లాగినప్పుడల్లా గురి పక్కకు పోతుంది.

నమ్మకం మాటకొస్తే, షాపువాణ్ణి అడిగి బోల్ట్ క్యారియర్ (తూటా పేలిన గ్యాస్‌తో వెనక్కి పోయి ఖాళీ కేసు బయటికి లాగే భాగం) బయటికి తీయించు. దాని పైన చిన్న గొట్టంలాంటి ముక్క, గ్యాస్ కీ, రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. స్క్రూల తలల పక్కన లోహాన్ని ఉలితో గుద్ది లోపలికి నొక్కిన గుర్తులు కనపడాలి. అవి లేకపోతే స్క్రూలు కొన్నాళ్లకు వదులై గ్యాస్ లీకవుతుంది. బోల్ట్ పూర్తిగా వెనక్కి పోక, ఖాళీ కేసు మధ్యలో ఇరుక్కుంటుంది. ఇక జామ్ అయినప్పుడు ముందు అనుమానించాల్సింది మేగజీన్‌ని. వాటి మీద మార్కర్‌తో నంబర్లు వెయ్యి, మొరాయించేది ఏదో తెలిసిపోతుంది. ఏఆర్ బోల్ట్‌కి నూనె బాగా పెట్టాలి, పొడిగా ఉంచితే ఏడిపిస్తుంది.

తూటాలు ఒకే రకం పెద్దమొత్తంలో కొనకు. నాలుగు బ్రాండ్లు ఒక్కో పెట్టె తెచ్చి కొట్టు, నీ బ్యారెల్‌కి నచ్చింది దొరికాక అదే లాట్ (ఒకే విడతలో తయారైన) నంబర్‌లో సరిపడా తీసుకో. ఇదంతా తేలేదాకా ఆగలేకపోతే 22 క్యాలిబర్ రైఫిల్ ఒకటి కొనుక్కుని ఊపిరి, ట్రిగ్గర్ సాధన చెయ్యి. చాలా చవక, చెవులకీ కాస్త సుఖం. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు మాత్రం ఏ గన్‌కైనా తప్పదు.

కొనేముందు ఇంకో సంగతి ఆలోచించు. రేపు ఉద్యోగం మారి ఎడిసన్ వెళ్లావనుకో, న్యూజెర్సీలో చాలా ఏఆర్ మోడళ్ల మీద నిషేధం ఉంది, మేగజీన్ పది రౌండ్లు దాటకూడదు. వాషింగ్టన్ రాష్ట్రంలోనైతే 2023 నుంచి వీటి అమ్మకమే ఆపేశారు.

ఇంట్లో చంటిది ఉంది కాబట్టి గన్ను కంటే ముందు సేఫ్ రావాలి, తాళం కోడ్ పుట్టినరోజు తేదీ కాకూడదు. 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన గన్ను అందేలా వదిలేస్తే మీరుండే టెక్సాస్‌లో నేరం. రేంజ్‌లో సీసం దుమ్ము చేతులకు అంటుతుంది. మనం చేత్తో తినేవాళ్లం, కారులో పులిహోర డబ్బా తెరిచేముందు సబ్బుతో కడుక్కోవాలి. ఆ బట్టలతో పాపని ఎత్తుకోకు.

రేంజ్ బ్యాగ్‌ని దానికే ఉంచు. అదే బ్యాక్‌ప్యాక్‌తో ఇండియా వెళ్తే, అడుగున ఒక్క రౌండ్ మిగిలినా శంషాబాద్‌లో ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు రాస్తారు. సంక్రాంతికి వెళ్లినవాడివి వాయిదాలకు తిరుగుతావు.

ఏ బ్యారెల్ తీసుకుంటున్నావో దాని మీద అక్షరాల ఫొటో పంపు. స్కోప్ సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీ మామయ్య